జంఘాబలము: పరుగుపందెమునకు ముందు కాలినొప్పి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)

  

మోకాటికిని చీలమండకును నడుమనున్న భాగమునకు సంస్కృతమున జంఘ యని పేరు. అమరకోశమున వేగముగా పోవువానిని జంఘాలుడనియు, పరుగున వార్తలు గొనిపోవు బంటును జాంఘికుడనియు చెప్పియున్నారు. తొడను గాని పాదమును గాని పట్టుకొనక, ఈ నడిమి భాగమును బట్టియే పరుగువానికి పేరు పెట్టుట గమనింపదగినది. పరుగు యొక్క మర్మ మెచట నున్నదో పూర్వు లెరుగుదురు. నేడు మన బొగ్గుగనుల ప్రాంతమున ఉద్యోగార్థులైన యువతీయువకులకు నొప్పి పుట్టుచున్నదియు ఆ చోటనే. కావున ఈ చిన్న విషయమును గూర్చి ఈ సభలో నాలుగు మాటలు చెప్పుకొనుట అప్రస్తుతము కాదు.

ఈ గ్రంథాలయమునకు నిత్యము వచ్చు యువకులలో పోటీపరీక్షల పుస్తకములు చదువువారే అధికులు. వారు పగలెల్ల ఇచట చదువుదురు. తెల్లవారుజామున గోదావరిఖనిలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియములోనో, ఊరిబయటి తారురోడ్డుమీదనో పరుగెత్తుదురు. ఒకప్పు డిట్టి పరుగుల అవసరము మన ప్రాంతమున ఇంతగా లేకుండెను. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో 1920 డిసెంబరు 23న ఏర్పడినది. 1990ల ఆరంభమున ఆ సంస్థలో లక్షకు పైగా కార్మికు లుండిరి. నేడు ఆ సంఖ్య 40 వేల పరిసరములలో నున్నది. తండ్రి భూమిలోనికి దిగి కుటుంబమును పోషించినాడు. కొడుకు భూమిపై పరుగెత్తి అన్నము సంపాదింపవలసి వచ్చినది. పోలీసు కొలువునకైనను సైన్యపు కొలువునకైనను పరుగే ద్వారము.

ఆ ద్వారపు కొలతలను చూతము. 2022లో తెలంగాణ పోలీసు నియామక మండలి యిచ్చిన ప్రకటన ననుసరించి పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలోను ముగింపవలెను. 1,600 మీటర్లనగా 400 మీటర్ల బాటపై నాలుగు చుట్లు. చుట్టునకు 108 సెకండ్ల చిల్లర. ఆరోగ్యవంతుడైన యువకునకు ఇది అసాధ్యమైన వేగము కాదు. కాని కాలికి పడు భారమును లెక్క చూచినచో ఆశ్చర్యము కలుగును. అడుగునకు మీటరుంబావు చొప్పున 1,600 మీటర్లకు 1,280 అడుగులు. ఒక్కొక్క కాలికి 640. పరుగులో ప్రతి అడుగునను నేల నుండి కాలికి తగులు బలము శరీరభారమునకు రెండింతలు, ఒక్కొక్కప్పుడు మూడింతలు. 60 కిలోల మనిషికి రెండింతలే వేసికొన్నను అడుగునకు 120 కిలోలు. 640 అడుగులకు 76,800 కిలోలు. అనగా దాదాపు 77 టన్నులు. ఒక్క పందెములో ఒక్క కాలు మోయు బరువు ఇది. ప్రతిదినమును 5 కిలోమీటర్లు పరుగెత్తువాని కాలు దినమునకు 240 టన్నులు మోయుచున్నది. అంత బరువును చేతిబొటనవ్రేలికన్న కొంచెమే లావైన ఎముక మోయుట భగవంతుని శిల్పము గాక మరేమి?

ఇట్టి సందర్భమున ఒక యువకుని ఉదాహరణముగా తీసికొందము. అతడు ఏ ఒక్కనికిని పేరు కాడు. ప్రతి వాడలోను ఉన్నాడు. అతని తండ్రి గనికార్మికుడు. కుమారుడు వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. పరుగుకు ఆరువారముల గడువున్నది. అంతవరకు కూర్చుండి చదివిన దేహము. ఒక్కమారుగా దినమునకు 5 కిలోమీటర్లు, అదియు గట్టి రోడ్డుమీద, అరిగిన క్యాన్వాసు బూట్లతో పరుగెత్తసాగెను. మొదటి రెండువారములు ఉత్సాహముగా గడచినవి. మూడవవారమున కాలి లోపలిప్రక్కన, ఎముక అంచు వెంబడి సలుపు మొదలైనది. మొదట పరుగు ఆరంభమున నొచ్చి, ఒళ్లు కాగినకొలది తగ్గెడిది. పిమ్మట పరుగు ముగిసిన తరువాత గూడ నిలిచినది. తల్లి వావిలాకు కాగబెట్టి కాపడము పెట్టెను. తోడివాడు, "నొప్పి వచ్చెనన్న కండ పట్టుచున్నదని అర్థము, మానవద్దు" అనెను. మరియొకడు, "సూదిమందు వేయించుకొన్నచో ఒక్క పూటలో పోవును" అని సలహా చెప్పెను. తండ్రి యేమియు ననక కుమారుని నడకను చూచుచుండెను. పందెమునకు ఇంక మూడువారములే. వయఃపరిమితి దగ్గరపడుచున్నది. ఈ పరుగు తప్పినచో మరల ప్రకటన ఎప్పుడు వచ్చునో తెలియదు. ఆ యింటిలో ఆ దినములలో ఆ కాలినొప్పి కన్న పెద్ద విషయము మరియొకటి లేదు.

ఆ నొప్పి యేమి? ఆటగాండ్రు దీనిని షిన్ స్ప్లింట్స్ అందురు. వైద్యులు మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్ అని పిలుతురు. ఊరిలో "నరము పట్టినది" అందురు గాని, ఇది నరమునకు సంబంధించినది కాదు. జంఘాస్థి యొక్క లోపలి అంచునను, దానిని కప్పియున్న పలుచని పొరయందును, దానికి అంటుకొన్న పిక్కకండరముల పట్టులందును ఒత్తిడి మితిమీరుటచే కలుగు బాధ ఇది.

ఎముక రాతివలె జడపదార్థము కాదు. అది నిత్యము తన్నుతాను తిరుగ కట్టుకొనుచుండును. బరువు పడినచోట గట్టిపడుననియు, బరువు లేనిచోట పలుచబడుననియు జర్మను వైద్యుడు వుల్ఫ్ 1892లో ప్రతిపాదించెను. ఐతే ఆ గట్టిపడు పద్ధతిలో ఒక చిక్కున్నది. క్రొత్త ఎముకను పోయుటకు ముందు, దెబ్బతిన్న పాత ఎముకను శరీరము తొలిచివేయును. తొలుచుట త్వరగా జరుగును. నింపుట మెల్లగా జరుగును. మన గనులలో పనిచేసినవారికి ఇది సులభముగా బోధపడును. బొగ్గుస్తంభమును తీసిన పిమ్మట ఆ ఖాళీలోనికి గోదావరి ఇసుకను నీటితో గొట్టములగుండ పంపి నింపుదురు. తీయుటకును నింపుటకును నడుమనున్న గడియలే అపాయకరములు. సాధన మొదలిడిన మూడు నాలుగు వారములకు ఎముక స్థితియు అట్టిదే. తీసినది ఎక్కువ, నింపినది తక్కువ. ఆ సమయముననే యువకుడు పందెము దగ్గరపడినదని వేగమును, దూరమును పెంచును. నొప్పి అప్పుడే రావలసిన కారణ మిదియే.

ఇది క్రొత్త జాడ్యము గాదు. 1855లో ప్రష్యా సైన్యపు వైద్యుడు బ్రైట్‌హౌప్ట్, దూరపు కవాతులు చేసిన సిపాయిల పాదములు వాచి నొచ్చుటను వర్ణించెను. ఎక్సురే కిరణములు 1895లో కనుగొనబడినవి. రెండేండ్లకు, 1897లో, ఆ పాదములలో ఎముక చిట్లియుండుట ఎక్సురే చిత్రములలో కనబడినది. నాటినుండి నేటివరకు ఏ దేశపు సైన్యమునందైనను క్రొత్తగా చేరినవారికి తొలివారములలో కాలినొప్పులు సామాన్యములు. కావున మన యువకుడు దుర్బలుడని గాని, దురదృష్టవంతుడని గాని తలపరాదు. అతడు త్వరపడినాడు, అంతియే.

ఇచట ముఖ్యమైన విచక్షణ యొకటి కలదు. కాలినొప్పు లన్నియు ఒక్కటి గావు. ఎముక లోపలి అంచును వ్రేళ్లతో నొక్కుచు పోయినప్పుడు, నాలుగైదు వ్రేళ్ల వెడల్పున పరచుకొని నొచ్చినచో అది సామాన్యమైన ఒత్తిడి నొప్పి. అట్లుగాక ఒక్క చోట, వ్రేలికొన మోపినంత మేరలో, చురుక్కుమని నొచ్చినచో ఎముక చిట్లినదేమో యని అనుమానింపవలెను. ఒంటికాలిపై గెంతినప్పుడు ఆ చోట భరింపరాని నొప్పి కలిగినను, నడకలో గూడ కుంటు వచ్చినను, రాత్రి పండుకొన్నప్పుడు గూడ సలుపు మానకున్నను అనుమానము బలపడును. ఎముక ముందరి అంచున నడిమిభాగమున ఒక్క బిందువున నిలిచిన నొప్పి మరింత ప్రమాదకరము. పరుగెత్తుచుండగా పిక్క రాయివలె బిగిసి, పాదము తిమ్మిరెక్కి, ఆగిన కొంతసేపటికి సర్దుకొనుట వేరొక వ్యాధి లక్షణము. ఒక్క పిక్క మాత్రమే వాచి వెచ్చబడి యున్నచో రక్తము గడ్డకట్టియుండవచ్చును. ఇవి కనబడినప్పుడు ఇంటివైద్యము మాని ఆసుపత్రికి పోవలెను. గోదావరిఖనిలో సింగరేణి వారి ఏరియా ఆసుపత్రి కలదు. రామగుండమున ప్రభుత్వ వైద్యకళాశాల 2022లో ఆరంభమైనది. ఎముక చిట్లిన తొలిదినములలో ఎక్సురే చిత్రము నిర్దోషముగానే కనబడవచ్చును; ఎం.ఆర్.ఐ. పరీక్షలో తేలును. "ఎక్సురేలో ఏమియు లేదు" అను మాటతో ధైర్యపడి మరునాడే పరుగెత్తిన వారున్నారు. ఆ తప్పు చేయరాదు.

సూదిమందును గూర్చియు, నొప్పిబిళ్లలను గూర్చియు ఒక మాట. గనిలో ఓవర్‌మన్‌గాని సర్దారుగాని కర్రతో పైకప్పును తట్టి చూచును. గట్టిగా పలికిన పని సాగింతురు; డొల్లగా పలికిన మనుష్యులను వెనుకకు తీసికొందురు. ఆ శబ్దము వినబడకుండ చెవులలో దూది పెట్టుకొని పనిచేయువాడు మన ప్రాంతమున ఒక్కడును ఉండడు. నొప్పియు ఎముక పలుకు శబ్దమే. దానిని మందుతో అణచి పరుగెత్తుట చెవులలో దూది పెట్టుకొనుట వంటిది. చిట్లు చీలికయై, చీలిక విరుగుటకు ఈ దారియే దగ్గర. అదిగాక రామగుండపు ఎండలలో చెమటలు పోసి దేహము ఎండిన వేళ నొప్పిబిళ్లలు మ్రింగినచో మూత్రపిండములకు కీడు కలుగును. పరగడుపున మ్రింగినచో కడుపులో పుండ్లు పడును. వైద్యుడు చూచి చెప్పినంత మాత్రమే, చెప్పిన దినములు మాత్రమే వాడవలెను.

ఇంక పందెమునకు మిగిలిన దినములను బట్టి చేయవలసినది విచారింతము. ఈ నొప్పి సంపూర్ణముగా మానుటకు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. మూడు దినములలో మాన్పుదునని చెప్పువాని మాట నమ్మరాదు. ఐనను యువకులను కలతపెట్టు భయమున కొకటికి సమాధాన మున్నది. పరుగు మానినచో సాధించిన దంతయు పోవునని వారు వెరతురు. అది నిజము గాదు. పది దినముల విశ్రాంతిచే ఊపిరిబలము తగ్గునది మిక్కిలి స్వల్పము. నెలల తరబడి జమచేసిన సొమ్ము పది దినములు బ్యాంకునకు పోకపోయినంత మాత్రమున మాయమగునా? కాని నొప్పితో పరుగెత్తు ప్రతిదినమును ఎముక పద్దులో బాకీ పెరుగుచునే యుండును. ఆ బాకీకి వడ్డీ హెచ్చు.

గడువు మూడువారములున్నచో, మొదటి వారము పది దినములు పరుగు పూర్తిగా మానవలెను. మానుట యనగా మంచమెక్కుట గాదు. సైకిలు త్రొక్కవచ్చును, నొప్పి లేకున్న మాత్రమే. నిమిషము వేగముగా, రెండు నిమిషములు మెల్లగా, ఇట్లు అరగంట త్రొక్కినచో గుండెకును ఊపిరికిని పరుగంతటి సాధనము లభించును. కాలికి దెబ్బ తగులదు. ఈత వచ్చినవారు ఈదవచ్చును. దినమునకు రెండు మూడు మార్లు గుడ్డలో చుట్టిన మంచుముక్కను పావుగంట సేపు అద్దినచో సలుపు తగ్గును. ఇది నొప్పి నణచునే గాని ఎముకను కట్టదని గుర్తుంచుకొనవలెను. వావిలాకు కాపడము బిగిసిన పిక్కకు హాయి నిచ్చును, తప్పులేదు. నొచ్చుచున్న ఎముక అంచును మాత్రము బలముగా మర్దింపరాదు. అరగంట వేగముగా నడచినను నొప్పి లేనప్పుడు, గడ్డినేలమీదనో మెత్తని మట్టిబాటమీదనో నిమిషము పరుగు, నిమిషము నడక చొప్పున దినము విడిచి దినము మొదలుపెట్టవలెను. మరునాటి ఉదయము నొప్పి లేకున్నచో ఇంకొక మెట్టు ఎక్కవచ్చును. ఉన్నచో ఒక మెట్టు దిగవలెను. గోదావరి ఇసుకలో పరుగెత్తుట మేలని కొందరందురు. మెత్తని ఇసుకలో మడమ దిగబడి పిక్కపై భారము పెరుగును గనుక ఈ సమయమున అది తగదు.

గడువు పది దినములే యున్నచో, ఐదారు దినములు సైకిలు మాత్రమే. పిమ్మట దినము విడిచి దినము రెండు మార్లు, మెత్తని నేలపై, పందెపు వేగముతో ఒకటి రెండు చుట్లు మాత్రము పరుగెత్తి చూడవలెను. చివరి రెండు దినములు విశ్రాంతి. రెండు మూడు దినములే యున్నచో, పరుగు తలపెట్టనే రాదు. ఆ రెండు దినముల సాధనచే కలిసివచ్చునది ఏమియు లేదు. పోవునది చాల కలదు. నడక, నిద్ర, భోజనము చాలును.

అడుగు వేయు తీరునందు గూడ కొంత మేలు పొందవచ్చును. దీర్ఘమైన అంగలు వేయుచు పాదమును శరీరమునకు చాల ముందుగా మోపువానికి దెబ్బ యెక్కువ. అదే వేగముతో అంగను కొంచెము తగ్గించి, నిమిషమునకు వేయు అడుగులను నూటికి ఐదు పది చొప్పున పెంచినచో, అడుగొక్కటింటికి పడు భారము తగ్గును. బూట్లు అరిగినచో మార్చవలెను. కాని పందెమునాడు క్రొత్త బూట్లు తొడుగరాదు. కనీసము వారము ముందుగా తొడిగి నడచి అలవాటు చేసికొనవలెను.

ఆడపిల్లలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. ఈ నొప్పియు, ఎముక చిట్లుటయు పురుషులకంటె స్త్రీలకు అధికముగా వచ్చునని వైద్యులు కనుగొనిరి. బరువు తగ్గవలెనని గాని, ఇంటిలో అందరు తిన్నపిమ్మట మిగిలినదే తినుటచే గాని, చాలినంత తినక పరుగెత్తు పిల్లకు నెలసరి తప్పును. నెలసరి తప్పిన ఎముకలు పలుచబడును. దీనిని సిగ్గుచే దాచరాదు. తల్లులు అడిగి తెలిసికొనవలెను. పాలు, పెరుగు, గ్రుడ్లు, పప్పు, రాగులు, ఆకుకూరలు ఆ పిల్లకు వడ్డింపవలెను. కొడుకు పరుగెత్తిన పాలు, కూతురు పరుగెత్తిన మజ్జిగ యనుట న్యాయము గాదు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు కూలివారింటి బిడ్డ దీప్తి జీవన్‌జీ 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము తెచ్చినది. అది వారముల పని గాదు, సంవత్సరముల సాధన.

పందెపు దినము వచ్చినది. రాత్రి బాగుగ నిద్రించి, రెండు మూడు గంటల ముందు తేలికగా భుజించి, నీరు త్రాగి పోవలెను. మొదట పది నిమిషములు నడచి, మెల్లగా పరుగెత్తి కాళ్లను కాచుకొనవలెను. మొదటి చుట్టులో పదిమందితో పోటీపడి దూకరాదు. ఆ పరుగు అర్హతా పరీక్ష. నియమితకాలము లోపల గీత దాటుటయే ముఖ్యము. గడియారమే పోటీదారు. 108 సెకండ్ల చుట్టును 104, 105 సెకండ్లలో నాలుగు మార్లు ముగించినవాడు నిశ్చింతగా గీత దాటును. పరుగు నడుమ నొప్పి ఒక్క చోట పొడిచినట్లు హఠాత్తుగా హెచ్చి, కాలు మోపరాని స్థితి వచ్చినచో ఆగవలెను. అట్లు ఆగినవానిని పిరికివాడన్నవాడు అవివేకి.

ఇచటికి అసలు ప్రశ్న వచ్చుచున్నది. పరుగెత్తవలెనా, మానవలెనా? పరచుకొన్న నొప్పియై, ఒళ్లు కాగిన తగ్గునదై, నడకలో కుంటు లేనిదై యున్నచో, విశ్రాంతి తీసికొని, వైద్యునికి చూపి, ఆ ఒక్క పరుగు పరుగెత్తుటకు సాహసింపవచ్చును. పిమ్మట కొన్ని వారములు కాలికి విశ్రాంతి బాకీ యుండును; అది తీర్పక తప్పదు. ఒక్క చోట నిలిచిన నొప్పియై, చిట్లినదని వైద్యుడు చెప్పినచో, పరుగెత్తరాదు. ఆరు నుండి ఎనిమిది వారములు ఓపిక పట్టినచో సామాన్యముగా అతుకుకొను ఎముక, పంతమునకు పోయి విరిగినచో శస్త్రచికిత్సకు దారితీయును. అప్పుడు ఆ ఉద్యోగమును పోవును, రాబోవు ఉద్యోగమును పోవును. ప్రకటన మరల వచ్చును, వేరు కొలువులున్నవి, విరిగిన కాలు మాత్రము మొదటివలె వచ్చునని ఎవరును హామీ యీయలేరు. వయఃపరిమితి దాటిపోవువాని దుఃఖమును ఈ మాటలు తీర్పజాలవు. అది నిజమైన నష్టమే. కాని నష్టములలో చిన్నదానిని ఎంచుకొనుట గూడ వివేకమే.

ఉదాహరణముగా చెప్పుకొన్న ఆ యువకుని తండ్రికి ఈ వివేకము పుస్తకములచే రానక్కరలేదు. పైకప్పు డొల్లగా పలికినప్పుడు ఎదుట ఎంత బొగ్గున్నను విడిచి వెనుకకు వచ్చిన దినములు గనికార్మికుని జీవితమున ఎన్నో యుండును. అట్లు వెనుకకు వచ్చినందుననే అతడు సాయంత్రము ఇల్లు చేరినాడు. ఆ తండ్రి మౌనము వీడి కుమారునికి చెప్పవలసినది ఆ మాటయే. ఈ విషయమున తండ్రులు ఊరకుండుట తగదు.

వ్యాయామము తన బలములో సగము మేరకే చేయవలెనని సుశ్రుతుడు చెప్పెను. పందెమునాడు ఆ నియమము చెల్లకపోవచ్చును. సాధన దినములకు మాత్రము అది నేటికిని చెల్లును. ప్రకటన వెలువడిన పిమ్మట పరుగు మొదలిడుట, వరద వచ్చిన పిమ్మట కట్ట వేయుట వంటిది. ప్రకటన ఉన్నను లేకున్నను, వారమునకు మూడు నాలుగు దినములు, మెత్తని నేలపై, కొంచెము కొంచెముగా దూరము పెంచుచు, మూడు నాలుగు వారముల కొకమారు ఒక వారము తగ్గించుచు పోవలెను. మెట్టు అంచున నిలిచి మడమలను ఎత్తి దించు వ్యాయామమును దినము విడిచి దినము చేసినచో పిక్కలు బలపడి ఎముకకు అండయగును.

పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు చదువుటకు పుస్తకమును, కూర్చుండుటకు నీడను ఇచ్చినది. ఇచట చదివి వ్రాతపరీక్ష గెలిచినవాడు పరుగుపరీక్షలో అజ్ఞానముచే ఓడుట తగదు. చదివిన తలకు మోసెడి కాలు తోడుండవలెను. మన గ్రామపు జంఘాలురు, జాంఘికులు, బాలురును బాలికలును, తొందరలేని సాధనతో, నొప్పిలేని కాళ్లతో గీత దాటుదురు గాక!

స్వస్తి.